కట్టినవారే విప్పవలసిన నూలు

మొన్న గురువారం ఉదయం నేను పారాయణం ముగించి పీట మీదినుంచి లేవబోతుండగా ఎదురింటి ఇల్లాలి ఫోను వచ్చింది. ఆమె రెండు రోజులుగా భర్తతో వేలూరు ఆసుపత్రిలో ఉన్నది.

"అయివారూ, ఆయన పోయినాడప్పా," అన్నది. "కాఫీ తెస్తానని కిందికి పోయినాను. వచ్చేసరికి లేడు."

ఆమే మళ్ళీ అందుకున్నది. "మీ మోటారు పని అట్లే నిలిచిపాయనే అని నిన్న సాయంత్రం గూడా అంటా ఉండె. మీతో చెప్పమన్నాడు."

శోకాన్ని ఏ వృత్తంలో చెబితే గుండెకు తగులుతుందో, ఏ గణం దగ్గర గొంతు ఆగాలో పిల్లలకు నలభై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. ఆ ఉదయం నా నోట వచ్చినది "సరేనమ్మా" అన్న ఒక్క మాట.

గుడియాత్తంలో మా నేతవీధి అంతా ఆయనను ఇంజనీరు అనే పిలిచేది. నేను ఎదురింటి ఇంజనీరు అనేవాణ్ణి. నిజానికి ఆయనకు ఆ పట్టా లేదు. మగ్గం గుంట పక్కన పుట్టి, తండ్రి లుంగీలు నేస్తుంటే కండెలు చుట్టి, వేలూరులో ఐటీఐ చదివి, ఉద్యోగం చేసుకుంటూనే డిప్లొమా ముగించినవాడు. మిల్లులలో యంత్రాలు బాగుచేస్తూ తల నెరసింది. చివరికి లత్తేరి దారిలో ఉన్న నూలు అద్దకపు ఫ్యాక్టరీలో మరమ్మతుల విభాగానికి పెద్ద అయినాడు. వయసు మీరినా అక్కడి ముదలాళి ఆయనను వదిలిపెట్టలేదు. యజమానిని మా వైపు ముదలాళి అనే అంటాము.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ మూడు వస్తువులు ఉండేవి. ఒక టెస్టరు, ఒక చిన్న టార్చిలైటు, ముదురెరుపు నూలుండ. నూలుండ ఎందుకని కొత్తవారు అడిగితే "ప్రాణం నిలుపుకునేదానికి" అనేవాడు. వాళ్ళు హాస్యమనుకొని నవ్వేవారు. ఆయన కూడా నవ్వేవాడు.

ఆదివారం ఉదయాలలో ఆయన ఇంటి తిన్నె మీద పట్టా ఉన్న ఇంజనీర్లు చాపలు పరచుకొని కూర్చునేవారు. కాట్పాడి నుంచి ఇద్దరు, పొన్నై నుంచి ఒకరు, ఒడుగత్తూరు నుంచి బస్సు దొరికిన వారాలలో మరొకరు. అందరి ఒళ్ళోనూ ల్యాప్‌టాప్‌లు. మా మనుమరాలు వారిలో ఒకతె. నా ఇంట పెరిగిన పిల్ల. వేలూరులో ఎలక్ట్రానిక్సు చదివి, ఆయన పనిచేసే ఫ్యాక్టరీలోనే చేరింది. ఆయనను ఇంజనీరు తాతా అని పిలిచేది. వీధి ఇరుకు. నా కిటికీలోనుంచి పాఠమంతా వినిపించేది.

మొదటి ఆదివారం ఆయన మా మనుమరాలిని లేపి నిలబెట్టినాడు.

"ఫ్యాక్టరీలో ఆ పెద్ద పంకా ఎందుకు వణకతా ఉండాదో తెలుసునా మా?"

"బేరింగు అయ్యుండొచ్చు తాతా. లేకపోతే రెక్కల బ్యాలెన్సు..."

"తెలుసునా అని అడిగినాను."

పిల్ల తల వంచుకుని "తెలీదు" అన్నది.

"గట్టిగా చెప్పు. మీ తాతకు వినపడల్ల."

"తెలీదు!"

"సెబాసు. ఈ మాట చెప్పినదానికి జీతం కోసేవాడి దగ్గర పని చెయ్యొద్దు. ఈ మాట దాచుకునేవాడి పక్కన నిలబడొద్దు."

తరువాతి పాఠం విని నేను కిటికీ దగ్గరినుంచి లేచి వీధి దాటి వెళ్ళినాను. ఒకరి చేతిలోని పని మరొకరి చేతికి మారేటప్పుడు ఏమి చెయ్యాలో ఆయన నేర్పుతున్నాడు. అప్పజెప్పేవాడు జరిగినదంతా ఒకసారి చెప్పాలి. అందుకునేవాడు దానిని పొల్లుపోకుండా రెండుసార్లు తిరిగి చెప్పాలి. ఆ తరువాతనే యంత్రం మీద చెయ్యి పడాలి. గురువు ఒకమారు పలికితే శిష్యుడు రెండుమార్లు పలికే సంత అది. మా ఇంట తరతరాలుగా స్వరం తప్పకుండా మంత్రాన్ని నిలబెట్టిన పద్ధతి.

"ఇది యాడ నేర్చినావయ్యా?" అన్నాను.

"మీ ఇంట్లోనే అయివారూ. మీ నాయన చెప్పేటప్పుడు ఈ తిన్నె మీదే కండెలు చుట్టతా వినేవాణ్ణి. మంత్రం ఒక ముక్క అర్థం కాలే. ఈ టెక్నిక్కు మాత్రం బాగుండాదే, మిల్లులో పనికొస్తాదే అనుకున్నాను."

తిన్నె మీది వాళ్ళు గొల్లుమన్నారు. నేనూ నవ్వినాను గాని, మనసులో ఒక మూల చిన్నబుచ్చుకున్నాను. ఆయనకు తెలుగు లిపి రాదు. ఇంట మాట్లాడేది తెలుగే అయినా బడి చదువంతా తమిళం. తెలుగు మాటలను తమిళ అక్షరాలలో రాసుకునేవాడు. ఒత్తులు తెలియనివాడు సంతను బేరింగులకు దించినాడే అని నాకు లోపల ఉండేది. ఆ గర్వం సంగతి ముందే చెప్పుకోవడం మంచిది.

ఇక నూలుండ. నేతగాళ్ళలో ఒక ఆచారమున్నది. మగ్గం మీద పని సగంలో వదిలి లేచేవాడు, పడుగు తెగి ఉన్నా అచ్చులో చిక్కు ఉన్నా, రంగు నూలుపోగు ఒకటి మగ్గపు పలకకు కట్టి లేస్తాడు. అది ఉన్నంతవరకు ఇంకెవరూ ఆ గుంటలో దిగి నాడె విసిరి నెయ్యరు. కట్టినవాడే వచ్చి విప్పాలి. ఇంజనీరు ఈ ఆచారాన్ని మిల్లుకు తీసుకొనిపోయినాడు. ఏ యంత్రంలోకి దిగినా దాని మీటకు తాళం వేసి, తాళంతోపాటు ఎర్రనూలు కట్టేవాడు. తాళంచెవి ఎవరి జేబులోనైనా ఉండవచ్చు, ముడి మాత్రం తనదని ఆయన లెక్క.

"కట్టినాయన రాకుండానే పోతే?" అని కాట్పాడి ఇంజనీరు ఒకసారి చిలిపిగా అడిగినాడు.

ఆయన నవ్వలేదు. "అప్పుడు లోపల ఎవురూ లేరని కండ్లతో చూడల్ల. పేరు పెట్టి పిలవల్ల. పిలిచి, కొంచేపు ఆగల్ల. ఆ ఆగేది ముఖ్యం అప్పా. అందరూ పిలుస్తారు, ఎవురూ ఆగరు."

ఇదంతా చూసి ఆయన పాతకాలపు మనిషి అనుకోకండి. ఫ్యాక్టరీలో ప్రతి పంకాకూ పంపుకూ చిన్న చిన్న సెన్సర్లు బిగించే పని వచ్చినప్పుడు అందరికన్న ముందు మాన్యువలు చదివినవాడు ఆయనే. ఆ సెన్సర్లు యంత్రం వణుకును వింటాయి, కంప్యూటరు ఆ వణుకును నేర్చుకొని ఏ బేరింగు ఎప్పుడు పోతుందో ముందే చెబుతుంది. అరవై దాటిన వయసులో మా మనుమరాలి పక్కన కూర్చొని ప్రోగ్రాము రాయడం నేర్చినాడు. ఫోనులోని కృత్రిమ మేధతో తమిళంలో వాదన పెట్టుకునేవాడు. అది ఏ జవాబు చెప్పినా "నీకెట్ల తెలుసు?" అని అడిగేవాడు.

"చూసినారా అయివారూ, మన మనుషులకన్నా దీనికే మర్యాద ఎక్కువ," అన్నాడు ఒకనాడు. "తప్పంటే చాలు, క్షమించండి అంటాది. మళ్ళీ అదే తప్పు చేస్తాది."

కంప్యూటరు ఒక బేరింగు పేరు చెబితే ఆయన వెళ్ళి పొడుగాటి స్క్రూడ్రైవరు మొన దాని మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని వినేవాడు. పిల్లల చేత కూడా వినిపించేవాడు. రెండూ ఒకటే చెబితే నమ్మమనేవాడు, వేరుగా చెబితే ఆ రోజు కొత్తది నేర్చుకుంటారని సంతోషించేవాడు. "కొత్తదానికి నమస్కారం పెట్టండి," అనేవాడు. "సాష్టాంగం మాత్రం పడొద్దండి. బోర్లా పడుకున్నోడికి ఎదురుగా ఏం జరగతా ఉండాదో కనపడదు."

నాలుగేళ్ళ కిందటి విజయదశమి సంగతి ఇప్పుడు చెప్పాలి. ఆ రోజును దాటవేసి ఆయనను గురించి రాయగలిగితే నాకు సుఖంగా ఉండేది.

ఆ ఫ్యాక్టరీలో అద్దిన నూలు చిలపలను, అంటే చుట్టలను, ఆరబెట్టే యంత్రం ఒకటి ఉన్నది. ఒక గది అంత ఇనుపపెట్టె. దాని లోపల మనిషి కన్న ఎత్తైన పంకా. కొత్తగా కంప్యూటరు పెట్టినప్పుడు పాత మీటను తీసివేసినారు. తెర మీద వేలితో ఒత్తితే పంకా తిరుగుతుంది. పక్కన ఉన్న కరెంటు పెట్టెకు తాళం వేయడానికి ఒక రంధ్రం విడిచినారు గాని, పాత తాళం అందులో పట్టలేదు. కొత్తది తెప్పించమని ఇంజనీరు అడిగి నెల దాటింది. అది వచ్చేవరకు ఆయన ఆ రంధ్రంలో ఎర్రనూలు ఒక్కటే కడుతున్నాడు.

ఆ సంవత్సరం ముదలాళి నవమినాడు ఊళ్ళో లేడు. అందువలన ఆయుధపూజ, యంత్రాలను మళ్ళీ నడపడం రెండూ దశమి ఉదయమే పెట్టుకున్నారు. ఆ దశమి శుక్రవారం పడింది. తొమ్మిదింబావు నుంచి పదింబావు దాకా నల్ల నేరం, అంటే మంచి గడియ, తరువాత రాహుకాలమని పంచాంగం చూసి చెప్పినది నేనే. నేను పురోహితుణ్ణి కాను. అయినా ముదలాళి తండ్రి నా దగ్గర చదువుకున్నందువలన ఏటా పూజకు నన్నే పిలిచేవారు.

ఎనిమిది గంటలకు పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకొని యంత్రాల మధ్య తిరిగినాను. ప్రతి యంత్రానికీ నిరుడు కట్టిన కంకణపు నూలు నూనెలో నల్లబడి వేలాడుతున్నది. పాతది తీసి కొత్తది కట్టడం ఆచారం. నా చేతిలో చిన్న కత్తెర ఉన్నది. కత్తిరించిన పోగులను పళ్ళెంలో ఒక పక్కన వేసుకుంటూ, పసుపునూలు కట్టుకుంటూ పోయినాను. ఆరబెట్టే యంత్రం దగ్గరికి వచ్చినాను. కరెంటు పెట్టె రంధ్రంలో ఎర్రపోగు ఒకటి ఉన్నది. దానినీ కత్తిరించినాను. అదే రంధ్రంలో పసుపునూలు కట్టి కుంకుమ పెట్టినాను.

ఆ వేళ ఇంజనీరు ఆ పెట్టె లోపల ఉన్నాడు.

యంత్రం ఆగి ఉండే రోజు ఏడాదికి ఒకటో రెండో. పెద్ద పంకా ఇరుసుకు రెండు సెన్సర్లు బిగించడానికి ఆయన సూర్యోదయానికే వచ్చి, వెనుకవైపు గోడ సందులో ఉన్న చిన్న తలుపు గుండా లోపలికి పాకినాడు. పండుగ కాబట్టి తోడు ఎవరూ లేరు. ఇనుపగోడల మధ్య ఫోను పలకదు. ఇవేవీ ఆ ఉదయం మాలో ఎవరికీ తెలియవు.

తొమ్మిదింబావు దాటగానే మా మనుమరాలు తెర ముందు కూర్చున్నది. ముదలాళి, పనివాళ్ళు, కొబ్బరికాయలు, గుమ్మడికాయ, అందరూ అన్నీ ఆమె వెనుక చేరినారు. అద్దకపు పంపులు, బాయిలరు అప్పటికే మొదలై ఎవరి మాట ఎవరికీ వినిపించనంత మోత. తెర మీద రెండు కొత్త సెన్సర్లు ఒకదాని వెంట ఒకటి పచ్చగా వెలిగినాయి. యంత్రం సిద్ధమని తెర చెప్పింది. ఆమె కరెంటు పెట్టె వైపు చూసింది. ఎర్రనూలు లేదు. పని ముగించి ఆయనే విప్పుకున్నాడని ఎవరైనా అనుకుంటారు.

"ఏం మా, రెడీయా?" అన్నాడు ముదలాళి.

"తెర అంతా పచ్చగానే ఉండాది సార్. ఇంజనీరు తాత రానీండి."

"స్నానానికి ఇంటికి పోయుంటాడు. పండగ గదా."

"చెప్పకుండా పోడు సార్."

ఆమె ఫోను చేసింది. అందుబాటులో లేరన్నది. మళ్ళీ చేసింది. వెనుకనుంచి ఒక పాత పనివాడు "ఆయన రాకుంటే తిరగదా ఏమి? పంకాకు ఆయన మేనమామా?" అన్నాడు. అందరూ నవ్వినారు. తొమ్మిదిన్నర అయింది. పది అయింది. నవ్వులు ఆగిపోయినాయి.

"నల్ల నేరం పోతా ఉండాది. సీక్రం ఒత్తు మా," అన్నాడు ముదలాళి. "నూలు విప్పేసినాడు గదా. చూడు, యాడన్నా ఉండాదా?"

నూలు అన్న మాట నా చెవిని తాకింది. నా చేతిలో పళ్ళెం ఉన్నది. పళ్ళెంలో నల్లబడిన పోగుల మీద ఎర్రపోగు ఉన్నది. నేను దానివైపు చూడలేదు. గోడ మీది గడియారం వైపు చూసినాను. చూసి, నా మనుమరాలితో ఇట్లా అన్నాను:

"ఇంక ఐదు నిమిషాలే ఉండాది తల్లీ. తర్వాత రాహుకాలం. ఒత్తేయి."

ఆమె వేలు తెర దగ్గరికి పోయింది. పెద్దల మాట కాదనలేని పిల్లగా పెంచినది నేనే.

వేలు వెనక్కి వచ్చింది. "తాతా, ఆయన నాకు చెప్పలే. నేను రెండుతూర్లు చెప్పలే. నేను ఒత్తను."

"నిన్న అద్దిన నూలంతా తడిగా ఉండాది. నాశనమైపోతే నువ్వు కడతావా?" ముదలాళి గొంతు పెంచినాడు. "రేపటినుంచి ఇంట్లో కూర్చోని మీ తాతతోనే సంత చెప్పుకో!"

ఆమె లేచింది. కన్నీళ్ళు తుడుచుకోలేదు. బల్ల మీది పొడుగు స్క్రూడ్రైవరు తీసుకొని యంత్రం దగ్గరికి వెళ్ళి, పిడితో ఇనుపగోడను మూడుసార్లు గట్టిగా కొట్టింది. "తాతా!" అని అరిచింది. మోతలో ఆమె అరుపు ఆమెకే వినపడి ఉండదు. తరువాత మొనను గోడకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, కళ్ళు మూసుకున్నది. ఎవరో గడియారం వైపు చెయ్యి చూపినారు. ఆమె కదలలేదు. ఆగింది.

అంతలో ఆమె కళ్ళు తెరిచింది. "లోపలుండాడు," అన్నది. "తడతా ఉండాడు."

ముదలాళి తెర ముందు స్టూలు మీద కూలబడినాడు. కొంతసేపటికి గోడ సందులోనుంచి ఇంజనీరు పాకుతూ బయటికి వచ్చినాడు. జుట్టు నిండా నూగు. మా అందరినీ, కొబ్బరికాయలనూ చూసినాడు.

"ఏమప్పా, అందరూ ఇక్కడే ఉండారే. ముహూర్తం అయిపాయనా?"

అంటూ ఉండగానే ఆయన చూపు కరెంటు పెట్టె మీదికి పోయింది. పసుపునూలు. "నా నూలు యాడ?" అన్నాడు మెల్లగా.

"ఎవుడ్రా విప్పింది?" అని ముదలాళి పనివాళ్ళ మీద కేకలు వేసినాడు. తలలు వంగినాయి. ఇంజనీరు కళ్ళు ఒక్కొక్కరినీ దాటుకుంటూ నా పళ్ళెం మీదికి వచ్చి నిలిచినాయి. నా నాలుక మీద కొన్ని వేల పద్యాలున్నవి. ఒక్క అక్షరం కదలలేదు. ఆయన దగ్గరికి వచ్చి, ఎర్రపోగును రెండు వేళ్ళతో తీసి జేబులో వేసుకున్నాడు.

"విప్పినవాళ్ళు రాసిస్తారులే సార్," అని ముదలాళితో అన్నాడు. "ముందు నా తప్పు నేను రాస్తాను. తోడు లేకుండా లోపలికి పోయినాను."

అప్పుడు ఆయన నేల మీద కూర్చొని నీళ్ళు తాగినాడు. తాగి, మా మనుమరాలిని పిలిచినాడు.

"రెండు సెన్సర్లు బిగించినాను. చిన్న తలుపు మూసినాను. లోపల ఎవురూ లేరు."

ఆమె ఒకసారి తిరిగి చెప్పింది. రెండవసారి 'లోపల ఎవురూ' అన్నచోట ఆగిపోయింది. ఆయన తొందరపెట్టలేదు, తాను అందించలేదు. ఆమె కూడగట్టుకొని చివరిదాకా చెప్పేవరకు చూసినాడు.

"ఇప్పుడు ఒత్తు," అన్నాడు.

నడిమి రాహుకాలంలో ఆ పంకా తిరిగింది. ఈనాటికీ తిరుగుతున్నది.

ఆ సాయంత్రం ఆయన వీధి దాటి వచ్చి నా ముందు ఒక తెల్ల కాగితం పెట్టినాడు. "మీ పేరు నేను ఎవురితోనూ చెప్పను అయివారూ. మీరే రాసియ్యండి. తిట్టేదానికి కాదు. వచ్చే ఏడు ఇంకొకరు కత్తెర పట్టుకోని వస్తారు గదా, వాళ్ళకు తెలియల్ల."

పేజీ నిండా రాసినాను. తెలుగులో రాసినాను. ఫ్యాక్టరీలో మా మనుమరాలు తప్ప ఆ లిపి చదవగలిగినవారు ఒక్కరూ లేరన్న సంగతి నాకు బాగా తెలుసు. ఆయన కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, మడిచి, ఎర్రపోగు ఉన్న జేబులోనే పెట్టుకొని వెళ్ళినాడు.

మరుసటి సోమవారం ఉదయం నోటుబుక్కు పట్టుకొని వచ్చినాడు. "నాకు మన అక్షరాలు నేర్పండి అయివారూ" అన్నాడు. ఇన్నాళ్ళకు మాతృభాష మీద మనసు పుట్టిందని సంబరపడి 'అ' తో మొదలుపెట్టినాను. డ్యూటీకి పోయేముందు రోజూ అరగంట. ఒకసారి నేను చెబితే రెండుసార్లు ఆయన. గుణింతాలకు రెండు నెలలు పట్టింది, ఒత్తులకు ఇంకా ఎక్కువ. నూనె దిగిన ఆ వేళ్ళు పెన్సిలును స్పానరులాగా పట్టుకునేవి.

ఒక ఉదయం ఆయన నోటుబుక్కు తెరవలేదు. జేబులోనుంచి మడత కాగితం తీసినాడు. వేలు పెట్టి, అక్షరం తరువాత అక్షరం కూడబలుక్కుంటూ, నా పేజీని నాకే పూర్తిగా చదివి వినిపించినాడు. పావుగంట పట్టింది. నా సమాసాల దగ్గర ఆయనకు ఊపిరి ఆడలేదు.

చదవడం ముగించి తల ఎత్తినాడు. "దీంట్లో కత్తెర ఉండాది. పళ్ళెం ఉండాది. ఆచారం ఉండాది, పంచాంగం ఉండాది. మీరు యాడ ఉండారు అయివారూ?"

నేను కాగితం వెనక్కి తీసుకున్నాను. ఆ రోజే, తమిళంలో, నాలుగు పంక్తులు రాసినాను. ఎర్రనూలు కత్తిరించినది నేను. అది ఏమిటని ఎవరినీ అడగలేదు. ఒత్తమని తొందరపెట్టినదీ నేనే. పక్కన మనుమరాలు లేకపోతే ఒక మనిషి చనిపోయి ఉండేవాడు. కింద నా సంతకం. ఆ కాగితాన్ని ఫ్యాక్టరీ నోటీసు బోర్డు మీద ఆయన తన కాగితం పక్కనే అతికించినాడు. చదివిన పనివాళ్ళు నన్ను చూసి మొదటి కొన్నాళ్ళు తప్పుకొని నడిచినారు. తరువాత ఒక్కొక్కరే తమ తప్పుల కాగితాలు అక్కడ పెట్టసాగినారు. మెచ్చుకోలు అనవలసి వస్తే నాకు దక్కినది అదే.

మరుసటి ఏడు పూజకు నన్ను పిలవరనుకున్నాను. ఆయనే వచ్చి పిలిచినాడు. రంధ్రానికి సరిపడే తాళాలు అప్పటికి వచ్చి ఉన్నాయి. ఆయన నా పక్కన నడుస్తూ ప్రతి యంత్రం దగ్గర ఏ పోగు తీయవచ్చునో ఒకసారి చెప్పినాడు. నేను రెండుసార్లు చెప్పి, అప్పుడే కత్తెర తెరిచినాను. పనివాళ్ళు నవ్వుతూ చూసినారు. ముదలాళి మా మనుమరాలిని గురించి ఎవరితోనో "ఆ పిల్ల ఒత్తనంటే ఒత్తదప్పా" అని గొప్పగా చెప్పుకోవడం కూడా ఆ రోజే విన్నాను. ఇప్పుడు ఆమె ఆ విభాగానికి పెద్ద. ఆదివారం పాఠం ఆమె చెబుతుంటే ఆయన గోడకు ఆనుకొని వినేవాడు.

మొన్న సోమవారం మా పెరటి బావి మోటారు ఆగిపోయింది. పిలవకుండానే వచ్చినాడు. రెండు మెట్లు దిగితే ఆయాసపడుతున్నాడు. వద్దన్నా వినకుండా విప్పి చూసి, కెపాసిటరు పోయిందన్నాడు. మోటారును అట్లాగే తెరిచి ఉంచి, లోపలికి వచ్చి, స్విచ్చుకు ఎర్రనూలు ముడివేసినాడు.

"రేపు వేలూరులో డాక్టరును చూసుకోని, వచ్చేటప్పుడు కెపాసిటరు తెస్తాను. అంతవరకు ఎవురూ స్విచ్చి వెయ్యకూడదు. వైర్లు తెరిచుండాయి. ఒకతూరి చెప్పినాను."

నేను రెండుసార్లు చెప్పినాను.

"సెబాసు," అని నవ్వి, గోడ పట్టుకుంటూ వీధి దాటినాడు.

నిన్న దహనం ముగిసిన తరువాత మా మనుమరాలు నేరుగా నా ఇంటికి వచ్చింది. సంచిలో కెపాసిటరు ఉన్నది. పెరట్లో మోటారు దగ్గర వంగి నాలుగు వైపులా కళ్ళతో చూసింది. లోపలికి వచ్చి స్విచ్చు ముందు నిలిచింది. కిటికీ అవతల ఎదురింటి తిన్నె, తిన్నె మీద చుట్టి పెట్టిన చాపలు. ఆమె వాటివైపు తిరిగి, మామూలు గొంతుతోనే, "ఇంజనీరు తాతా," అని పిలిచింది.

పిలిచి, ఆగింది. నేను కూడా పక్కన నిలబడినాను. గడియారం చూడలేదు. కిటికీ గాలికి ఎర్రపోగు కొస ఒకసారి గోడను తాకి వచ్చింది. దాని దగ్గరికి చాచిన ఆమె చెయ్యి ముడికి జానెడు దూరంలో అట్లాగే ఉన్నది.